చదరంగం గళ్ళల్లో దాగిన ప్రధాన సంఖ్య

మార్కాపురం పలక మీద అంకెలు దిద్దిన తరం మన కురిచేడు, దొనకొండ వైపు ఇంకా ఉంది. ఆ పలకా, ఒక బలపమూ ఉంటే చాలు, 800 ఏళ్ళ కిందటి ఒక ఉస్తాద్ హిసాబ్ మనకు అర్థమవుతుంది.

చదరంగం కిస్సా అందరికీ తెలిసిందే. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, అలా ప్రతి గడికీ రెట్టింపు. 64 గళ్ళు నిండేసరికి మొత్తం 18446744073709551615. దాదాపు 1000వ సంవత్సరంలో అల్ బిరూనీ ఈ లెక్క కట్టారు. పావులూరి మల్లన పేరు మీద తెలుగులో చెప్పుకునే ఒక పద్యంలోనూ ఇదే సంఖ్య ఉంది.

చివర 5 ఉంది కాబట్టి ఇది ప్రధాన సంఖ్య కాదు. కానీ మధ్యలో ఆగి చూడండి. రెండు గళ్ళ మొత్తం 3, మూడు గళ్ళ మొత్తం 7. రెండూ ప్రధాన సంఖ్యలే. నాలుగు గళ్ళకు 15, అంటే 3 ఐదులు, కాదు. ఐదు గళ్ళకు 31, మళ్ళీ ప్రధానమే. పదకొండు గళ్ళ దగ్గర మాత్రం జాగ్రత్త. 2047 చూడ్డానికి ప్రధానంలాగే ఉంటుంది గానీ, అది 23, 89ల లబ్ధం.

గళ్ళ మొత్తం ప్రధానమైతే, దాన్ని ఆఖరి గడిలోని గింజలతో గుణించమన్నాడు యూక్లిడ్. 3ని 2తో గుణిస్తే 6. 7ని 4తో గుణిస్తే 28. ఇవి పరిపూర్ణ సంఖ్యలు, అరబీలో అదద్ తామ్. 6ను నిశ్శేషంగా భాగించే 1, 2, 3 కలిపితే మళ్ళీ 6 వస్తుంది. సరి పరిపూర్ణ సంఖ్యలన్నీ ఈ దారిలోనే వస్తాయని నిరూపించడానికి ఇబ్న్ అల్ హైథమ్ చాలా కోషిష్ చేశారు. పూర్తి నిరూపణ 18వ శతాబ్దంలో ఆయిలర్ చేతిలో జరిగింది.

ఇస్మాయిల్ ఇబ్న్ ఫల్లూస్ (1194-1252) తన కితాబ్‌లో పది పరిపూర్ణ సంఖ్యల జాబితా ఇచ్చారు. అందులో ఏడోది 137438691328. దాని వెనక ఉన్నది 19 గళ్ళ మొత్తం, 524287. ఇది ప్రధానమని తేల్చాలంటే 724 లోపున్న 128 ప్రధాన సంఖ్యల్లో ఏదీ దాన్ని భాగించదని చూపితే చాలు. కంప్యూటర్ లేని జమానాలో అదెంత మెహనతో ఊహించండి. చరిత్ర పుస్తకాలు మాత్రం ఈ ఘనతను చాలాకాలం ఇటలీకి చెందిన కతాల్దికే ఇచ్చాయి. ఆయన దీన్ని 1588లో కనుక్కున్నారు.

ఇక్కడిదాకా చదివి ఫఖ్ర్‌తో వాట్సాప్‌లో పంపేసే ముందు ఇంకో సంగతి కూడా వినండి. ఇబ్న్ ఫల్లూస్ ఇచ్చిన పదిలో మొదటి ఏడే సరైనవి, తక్కిన మూడూ తప్పు. రెండూ చెబితేనే అది తారీఖ్. ఒకటే చెబితే ఉత్త డప్పు. బుజుర్గుల పేరు చెప్పుకోవడం తేలిక, వాళ్ళ హిసాబ్‌ను సరిచూడటమే వాళ్ళకిచ్చే అసలైన ఇజ్జత్.

ఆ పని ఇంకా ఆగలేదు. 2024 అక్టోబరులో ప్రకటించిన అతిపెద్ద ప్రధాన సంఖ్యలో 4,10,24,320 అంకెలున్నాయి. అదీ ఈ చదరంగం బాపతే, కాకపోతే గళ్ళు 13,62,79,841. దాన్ని పట్టుకున్నది స్వచ్ఛందంగా కంప్యూటర్లు నడిపే వాళ్ళ బృందం. అందులో ఎవరైనా చేరవచ్చు.

మన పిల్లలు పలకతో మొదలుపెట్టినా చాలు. ఐదు గళ్ళ 31ని 16తో గుణించమనండి, 496 వస్తుంది. అది నిజంగా పరిపూర్ణమో కాదో మీరు చెప్పకండి, వాళ్ళనే తేల్చనివ్వండి.