మేరువు (తంత్రీ వాద్యాలు)

మేరువు అనగా వీణ, గిటారు వంటి వాద్యాలలో బిరడాల నుండి వచ్చే తంత్రులు మెట్ల మీదికి చేరే ముందు ఆనుకొనే చిన్న అడ్డపట్టీ. మ్రోగే తంత్రి పొడవు ఇక్కడ మొదలై, గుర్రం అనబడే బ్రిడ్జి వద్ద ముగుస్తుంది. గిటారులో దీనిని నట్ అంటారు.

ఎత్తు, వేళ్ళ శ్రమ

మేరువు ఎక్కువ ఎత్తుగా ఉంటే తంత్రికి, మొదటి మెట్టుకు మధ్య ఎడం పెరుగుతుంది. దీనివలన రెండు నష్టాలు కలుగుతాయి. మొదటిది వేలి నొప్పి. రెండవది అపశ్రుతి: ఎక్కువ దూరం నొక్కిన తంత్రి అధికంగా సాగి, స్వరం హెచ్చుగా పలుకుతుంది. ఈ ప్రభావం మేరువుకు దగ్గరి మెట్లపై అధికం. దూరపు మెట్ల వద్ద గుర్రం ఎత్తు ముఖ్యం. మేరువు మరీ తగ్గితే, నొక్కకుండా మీటిన తంత్రి మొదటి మెట్టుకు తగిలి జరజరమంటుంది. గాడి ఇరుకైతే శ్రుతి చేసేటప్పుడు తంత్రి పట్టుకొని, ఒక్కసారిగా జారుతుంది.

జీరో ఫ్రెట్

కొన్ని గిటార్లలో నట్ పక్కనే అదనంగా ఒక మెట్టు ఉంటుంది. దీనిని జీరో ఫ్రెట్, అనగా సున్నా మెట్టు అంటారు. తంత్రుల ఎత్తును ఇదే నిర్ణయిస్తుంది. నట్ తంత్రుల మధ్య ఎడాన్ని మాత్రమే కాపాడుతుంది. విడి తంత్రి కూడా మెట్టు మీదనే ఆనుతుంది గనుక దాని నాదం నొక్కిన స్వరాల నాదానికి దగ్గరగా ఉంటుంది. పాల్ మెకార్ట్నీ వాయించిన హోఫ్‌నర్ 500/1 బేస్ గిటారు ఇందుకు ఉదాహరణ. కాలక్రమేణా ఈ మెట్టు అరిగితే మార్చవలసి వస్తుంది.

వీణలో

విజయనగరం జిల్లా బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో పనసకర్రతో తయారయ్యే బొబ్బిలి వీణలకు భౌగోళిక గుర్తింపు ఉంది. సరస్వతీ వీణకు 24 మెట్లు, 4 వాయింపు తంత్రులు, 3 తాళ తంత్రులు ఉంటాయి. స్థిరమైన 24 మెట్ల అమరిక తంజావూరును పాలించిన రఘునాథ నాయకుని (1600–1634) కాలం నాటిదని సంప్రదాయం. మెట్లను మైనంలో నిలుపుతారు. దీనిని మేళం కట్టడం అంటారు. గిటారు మెట్లు కర్రలో బిగించి ఉంటాయి. వీణలో మైనాన్ని మెత్తబరచి ఒక్కొక్క మెట్టు ఎత్తును, స్థానాన్ని సవరించవచ్చు. గమకాల కోసం తంత్రిని మెట్టు వెంబడి పక్కకు లాగాలి గనుక ఈ ఎత్తుల పొందిక చాలా అవసరం.

విద్యార్థులకు సూచన

గిటారు నేర్చుకొనేవారిని తొలినాళ్ళలో ఎక్కువగా బాధించేది మొదటి మెట్టుపై పట్టే ఎఫ్ కార్డు. అభ్యాసలోపం అనుకొనేది కొన్నిసార్లు నట్ లోపమే కావచ్చు. తంత్రిని రెండవ, మూడవ మెట్ల మధ్య నొక్కి, మొదటి మెట్టుపైన చూడాలి. అక్కడ వెంట్రుకవాసి సందు ఉంటే చాలు. ఎక్కువగా ఉంటే గాడిని కొద్దికొద్దిగా లోతు చేయాలి. అధికంగా అరగదీస్తే నట్ మార్చవలసి వస్తుంది కనుక ఆ పనిని అనుభవజ్ఞునికి అప్పగించడం మంచిది.