అడిగిన తీరును బట్టే అంకె: క్యాన్సర్ పరిశోధనలో ప్రశ్నావళి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాలుగో విడత (2015–16) ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 22.3 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు గర్భాశయ ముఖద్వార పరీక్ష జరిగింది. ఐదో విడత (2019–21)లో, 30–49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్ చేయించుకున్నవారు 1.9 శాతమే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగైదేళ్లలో పరీక్షలు దాదాపు ఆగిపోయాయనిపిస్తుంది. నిజానికి మారింది ప్రశ్న. మొదటిసారి ఆ అవయవానికి పరీక్ష జరిగిందా అని అడిగారు. రెండోసారి క్యాన్సర్ కోసం స్క్రీనింగ్ జరిగిందా అని అడిగారు. తెల్లబట్ట అవుతోందని వెళ్లినప్పుడు డాక్టరు చూసిన స్త్రీ మొదటి ప్రశ్నకు అవునని, రెండోదానికి లేదని చెప్పవచ్చు. రెండూ నిజమైన జవాబులే. పైగా లెక్కలోకి తీసుకున్న వయసు కూడా వేరు. కాబట్టి ఈ రెండంకెలను తగ్గుదలగానో పెరుగుదలగానో చదవడానికి వీల్లేదు.

ఆరోగ్య సర్వేల చర్చలో ఎంతమందిని అడిగారన్న దానికే పెద్దపీట వేస్తాం. ఏమని అడిగారు, ఎవరు అడిగారు, జవాబును దేనితో సరిచూశారు అన్నవి అంతకన్నా ముఖ్యమని ఈ వ్యాసం ప్రతిపాదన. ఒకే తప్పు ప్రశ్నను లక్షమందిని అడిగితే తప్పు తగ్గదు, దాని మీద నమ్మకం మాత్రం పెరుగుతుంది.

జ్ఞాపకాన్ని సరిచూసుకున్న పద్ధతి

బ్రిటిష్ పరిశోధకులు రిచర్డ్ డాల్, ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో ప్రచురించిన లండన్ అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ పాఠమే. 20 ఆస్పత్రుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 649 మంది పురుషులను, 60 మంది స్త్రీలను, అంతేమంది ఇతర రోగులను పొగతాగే అలవాటు గురించి అడిగారు. కనీసం ఏడాదిపాటు రోజుకొక సిగరెట్టయినా తాగినవారే పొగతాగేవారని ముందే నిర్వచించుకున్నారు. క్యాన్సర్ ఉన్న పురుషుల్లో పొగతాగనివారు ఇద్దరే. పోలికకు తీసుకున్న పురుషుల్లో 27 మంది.

దీనికి రెండు ఆక్షేపణలు రావచ్చు. జబ్బుపడ్డవాడు కారణం వెతుక్కుంటూ తన అలవాటును పెంచి చెప్పి ఉండవచ్చు. రోగం తెలిసిన ప్రశ్నకర్త గుచ్చిగుచ్చి అడిగి ఉండవచ్చు. అందుకు జవాబు అధ్యయనంలోనే దొరికింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ అనుకుని ప్రశ్నించిన కొందరికి ఆ జబ్బు లేదని తర్వాత తేలింది. వారు చెప్పిన అలవాట్లు క్యాన్సర్ రోగుల జవాబులను కాక, మిగతా రోగుల జవాబులను పోలి ఉన్నాయి. పక్షపాతమే ఫలితాన్ని నడిపి ఉంటే ఇలా జరిగేది కాదు. మరో 50 మందిని కొన్ని నెలల తర్వాత మళ్లీ అడిగి, జవాబులు ఎంత నిలకడగా ఉన్నాయో కూడా చూశారు.

1951లో వారిద్దరూ వరస మార్చారు. జబ్బు వచ్చాక గతాన్ని అడగడం మాని, అలవాటును ముందే నమోదు చేసి తర్వాత మరణాలను గమనించారు. బ్రిటిష్ వైద్యులకు టపాలో ఒక ప్రశ్నావళి పంపారు. ఎక్కువమంది జవాబివ్వాలని దాన్ని కావాలనే చిన్నదిగా ఉంచారు. సుమారు మూడింట రెండొంతుల మంది స్పందించారు. జవాబిచ్చినవారిలో తొలి ఏళ్ల మరణాల రేటు మొత్తం వైద్యుల రేటు కన్నా తక్కువగా ఉంది; మంచాన పడ్డవారు ఫారం నింపి పంపే అవకాశం తక్కువ కదా. అందుకే జవాబు రాని కాగితాల గురించి కూడా పరిశోధకుడు ఆలోచించాలి.

శ్రీకాకుళం: అలవాటుకు తగిన ప్రశ్న

ఉత్తరాంధ్రలో ముఖ్యంగా స్త్రీలు చుట్ట వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు ఉంది. దాన్ని అడ్డపొగ అంటారు. వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. ‘చుట్ట తాగుతారా, రోజుకెన్ని?’ అన్న రెండు ప్రశ్నలతో ఆగిపోతే అడ్డపొగ పీల్చేవారు, మామూలుగా చుట్ట కాల్చేవారు ఒకే గడిలో పడతారు. వారి ప్రమాదంలోని తేడా పట్టికలో కనబడకుండా పోతుంది. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా తదితరులు ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థులపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించారు. అందులో చుట్ట పీల్చే తీరునే ప్రధానాంశంగా తీసుకున్నారు. అలవాటుతో పాటు అంగిలిలోని మచ్చలనూ నమోదు చేశారు. మనిషి చెప్పిన మాటకు నోటి పరీక్ష తోడవడమే ఆ పని బలం.

రోగి ఒక్కరే లేనిచోట

క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్నవారి జీవన నాణ్యతను కొలిచే క్యూఎల్‌క్యూ–సి30 అనే ప్రశ్నావళిలో 30 ప్రశ్నలుంటాయి. చాలా ప్రశ్నలు గత వారానికే పరిమితం. నొప్పి, నిద్ర, ఆకలి వంటివి అంతకుమించి కచ్చితంగా గుర్తుండవు. ఆ ప్రశ్నల్లో ఎక్కడా క్యాన్సర్ పేరెత్తరు, శారీరక స్థితి, వైద్యం అని మాత్రమే అడుగుతారు. జబ్బు పేరు రోగికి చెప్పకుండా దాచే మన కుటుంబాల్లో ఇది చిన్న విషయం కాదు. అయితే కొడుకో కోడలో పక్కన నిలబడి జవాబు అందిస్తుంటే, దిగులు గురించిన ప్రశ్నకు వచ్చే జవాబు రోగిదో ఇంటివారిదో చెప్పలేం. ఎవరి సమక్షంలో అడిగారన్నది నమోదు చేయకపోతే ఆ తేడా గణాంకాలతో బయటపడదు.

ముగింపు

మన పరిశోధన వ్యాసాల్లో శాతాలు కనిపిస్తాయి గాని, ఇంటి గుమ్మంలో తెలుగులో అడిగిన అసలు వాక్యం అరుదుగా కనిపిస్తుంది. ప్రతి పట్టిక కింద ఆ ప్రశ్నను యథాతథంగా అచ్చువేయాలి. వయసు పరిధి, అడిగినవారెవరు, జవాబివ్వనివారెందరు, ఏ జవాబులను పరీక్షతోనో రికార్డుతోనో సరిచూశారో చెప్పాలి. ఇందుకయ్యే ఖర్చు ఒక పేజీ. ఆ పేజీ లేని అంకెను మరో సర్వే అంకెతో పోల్చి, దాని ఆధారంగా స్క్రీనింగ్ కార్యక్రమం గెలిచిందనో ఓడిందనో తీర్పు చెప్పకూడదు.