పాత మోటారు నీరెక్కడ కారుతుంది?

హైదరాబాదు పాతబస్తీలోని చౌమహల్లా ప్రాసాదాన్ని చూడవచ్చినవారు అక్కడి పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ముందు తప్పక ఆగుతారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆ కారుకు ఉత్తరువిచ్చి, అది చేతికి అందకముందే 1911 ఆగస్టులో మరణించాడు. లండనులోని బార్కర్ కంపెనీవారు పైకట్టడం కట్టిన ఆ బండి ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్‌కు దక్కింది. వెనుక సీటును సింహాసనంవలె ఎత్తుగా అమర్చినందున దానికి సింహాసనపు కారని పేరు. చూపరుల దృష్టి సహజంగా ఆ సీటుమీదనే నిలుస్తుంది. మోటారు చరిత్ర తెలియగోరేవారికి మాత్రం ముందు మూతకింద ఉన్న యంత్రమే ముఖ్యం. సిల్వర్ ఘోస్టు అనే ఆ రకపు కార్లలో 7,428 ఘన సెంటీమీటర్ల యంత్రం ఉండేది. దాని ఆరు సిలిండర్లను మూడేసి చొప్పున రెండు దిమ్మెలుగా పోతపోశారు. సిలిండరూ, దానిపైని తలా కలిసి ఒకే పోత. రెంటికీ మధ్య అతుకు లేదు. అతుకే లేనప్పుడు అక్కడ నీరు కారడమనే మాట పుట్టదు.

తరువాతి కాలపు పాత కారును, నీరు తరిగిపోతున్నదని చెప్పి మిస్త్రీ వద్దకు తీసుకువెళితే, అతడు అనుమానించే తావులలో ముఖ్యమైనది సరిగా ఈ అతుకే. కనుక బండి ఏ సంవత్సరానిదో తెలుసుకొనడం ఈ రోగనిర్ధారణలో మొదటి పని. యంత్రాన్ని చల్లబరిచే పద్ధతిలో వచ్చిన ప్రతి మెరుగూ నీరు కారడానికి ఒక కొత్త తావును కూడా తెచ్చిపెట్టింది.

అసలు మోటారుకు నీరెందుకు? పెట్రోలు మండినప్పుడు సిలిండరులోని వాయువుల వేడి 2,000 డిగ్రీల సెంటిగ్రేడును దాటుతుంది. ఆ శక్తిలో సుమారు మూడవవంతు పొగగొట్టం గుండా పోతుంది. ఇంచుమించు మరొక మూడవవంతును నీరు మోసుకుపోవాలి. లేకుంటే ముషలకం సిలిండరుకు కరచుకుపోతుంది. 1886లో కార్ల్ బెంజ్ తన మూడుచక్రాల బండిలో నీటిని మరగనిచ్చి, ఆవిరిగా పోనిచ్చి ఊరుకున్నాడు. 1888లో ఆయన భార్య బెర్తా ఆ బండిమీద మాన్‌హైము నుంచి ఫోర్జ్‌హైముకు, అంటే నూరు కిలోమీటర్లకు పైగా, ప్రయాణం చేసినప్పుడు దారిపొడుగునా నీరు పోసుకుంటూ పోవలసి వచ్చింది. ఆ బండికి నీరు తరగడం జబ్బు కాదు, స్వభావం.

ఆ స్వభావాన్ని మార్చినవాడు విల్‌హెల్మ్ మేబాక్. 1901 నాటి మెర్సిడెస్ కారుకు ఆయన తేనెపట్టువంటి రేడియేటరును నిర్మించాడు. ఆరేసి మిల్లీమీటర్ల కొలతగల 8,070 చిన్న గొట్టాలను దగ్గరగా పేర్చి, కొనలను మాటుతో అతికించాడు. గొట్టాలలోనుంచి గాలి, వాటి మధ్య సందులలోనుంచి నీరు పోతాయి. అంతకుముందు 18 లీటర్ల నీరు కావలసినచోట 9 లీటర్లు సరిపోయాయి. ఇది గొప్ప విజయమే. అయితే వేలకొలది అతుకులు కూడా దానితోనే వచ్చాయి. గతుకుల బాటలో కుదుపుకు ఏ ఒక్క మాటు విడినా అక్కడ చెమ్మ ఊరుతుంది.

ఈ మాటు వేసే విద్య పాతబస్తీకి కొత్తది కాదు. రాగి దేగిసాలకు కళాయి పోసేవాడు పాత్రను వేడిచేసి, నవాసాగరం చల్లి, తగరం రుద్ది, గుడ్డతో తుడుస్తాడు. నవాసాగరం వేడికి విడిపోయి రాగిమీది ఆక్సైడు పొరను తీసివేస్తుంది. అప్పుడే తగరం లోహాన్ని పట్టుకుంటుంది. ఇత్తడి రేడియేటరుకు మాటు వేయడంలోనూ సూత్రం ఇదే. తేడా ఒక్కటే: తగరానికి సీసం కలుపుతారు. తగరం 232 డిగ్రీల వద్ద, సీసం 327 డిగ్రీల వద్ద కరుగుతాయి. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిపితే 183 డిగ్రీలకే కరుగుతుంది. రసాయనశాస్త్రం బోధించేవారికి ఇంతకంటె చక్కని ఉదాహరణ దొరకడం కష్టం. రేడియేటరు తొట్టిని విప్పడానికైనా, తిరిగి అతకడానికైనా ఈ తక్కువ వేడి చాలు, ఇత్తడికి హాని ఉండదు.

రాజుగారి కారు మొత్తంమీద కొద్ది వందల మైళ్ళకు మించి తిరగలేదంటారు. ప్రజల బండ్ల సంగతి వేరు. నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 1932 జూన్ 15న 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో పని ప్రారంభించింది. రోజూ తిరిగే యంత్రాలలో మసి పేరుకుంటుంది. కవాటాలను నూరవలసి వస్తుంది. తలా సిలిండరూ ఒకే పోతగా ఉంటే ఇది మహా ప్రయాస. అందుచేత విప్పదగిన తల కావలసి వచ్చింది. 1908 నాటి ఫోర్డు మోడల్ టి లోనే అది ఉన్నది. క్రమంగా అన్ని యంత్రాలకూ అదే నియమమయింది. తలకూ దిమ్మెకూ మధ్య గాస్కెట్టు వచ్చింది. నీటికి, నూనెకు, మంటకు పలుచని ఆ ఒక్క రేకే సరిహద్దు.

గాస్కెట్టు చెడితే నీరు మూడు దారులు పట్టవచ్చు. బయటికి కారితే తుప్పురంగు చార కనబడుతుంది. నూనెలోనికి దిగితే నూనె పాలు కలిసిన కాఫీవలె మారుతుంది. సిలిండరులోనికి పోతే యంత్రం వేడెక్కిన తరువాత కూడా పొగగొట్టంనుంచి తెల్లని ఆవిరి వస్తుంది. మండిన వాయువు ఎదురుతన్ని రేడియేటరులో బుడగలు లేస్తాయి. కింద నేల పొడిగానే ఉంటుంది, నీరు మాత్రం తరుగుతుంది. పాత గాస్కెట్లలో రాగిరేకుల మధ్య రాతినార ఉండేది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. అటువంటి గాస్కెట్టును పొడిగా గోకకూడదు, తడిపి తీయాలి.

తరువాతి మార్పు రేడియేటరు మూతలో వచ్చింది. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్నది; ఇక్కడ నీరు 98 డిగ్రీలకే మరుగుతుంది. ఎండాకాలంలో చార్మినారు చుట్టూ ఉన్న వీధులలో నత్తనడక నడిచే బండికి ఆ రెండు డిగ్రీలూ తక్కువేమీ కాదు. మూతలో స్ప్రింగు పెట్టి, లోపలి పీడనాన్ని చదరపు అంగుళానికి 7 పౌన్లు పెంచితే మరుగుస్థానం 110 వరకు పెరుగుతుంది. అయితే ఆ 7 పౌన్లు ప్రతి గొట్టాన్నీ, ప్రతి మాటునూ లోపలినుంచి నెడుతూనే ఉంటాయి. కొత్త కారు మూతను పాత రేడియేటరుకు బిగించేవారున్నారు. దాని పీడనం రెట్టింపుండవచ్చు. నిన్నటివరకు నిలిచిన అతుకు నేడు విడిపోతుంది. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే పీడనం ఒక్కసారిగా పడిపోయి, నీరు ఆవిరై ముఖంమీదికి చిమ్ముతుంది. పై గొట్టాన్ని చేతితో పట్టుకోగలిగేంత చల్లారేవరకు ఆగవలసిందే.

ఇక నీటి మాట. 1927లో అమెరికాలో ఇథిలీన్ గ్లైకాల్ ద్రావణం అమ్మకానికి వచ్చింది. నీరు గడ్డకట్టకుండడం దాని ఉద్దేశం. హైదరాబాదులో 1946 జనవరి 8న నమోదయిన అత్యల్ప ఉష్ణోగ్రతే 6.1 డిగ్రీలు, గడ్డకట్టే భయం లేదు. అందుకే ఇక్కడ చాలాకాలం నల్లా నీరే పోశారు, బావినీరూ పోశారు. 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగరు నీటికి, అంటే అందరూ చెప్పుకునే గండిపేట నీటికి, బావినీటికంటె కాఠిన్యం తక్కువ. కఠినజలం వేడెక్కితే గొట్టాలలో సున్నం పొరకడుతుంది. ఇనుము, రాగి, నీటిలోని లవణాలు కలిసి చిన్న విద్యుద్ఘటంగా పనిచేసి ఇనుమును తినివేస్తాయి. సిలిండరు దిమ్మె పక్కన పోత రంధ్రాలను మూసిన పలుచని ఇనుపబిళ్ళలు లోపలినుంచి తుప్పుపట్టి మొదట చిల్లులు పడతాయి. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరువంటి కార్ల యజమానులకు ఇది తెలిసిన బాధే. కాబట్టి ఇక్కడ గ్లైకాల్ ద్రావణం వల్ల మేలు చలికి కాదు. అందులో కలిపిన తుప్పు నిరోధకాల వల్ల. దానికి తియ్యని రుచి ఉంటుంది, అది విషం. కారిన మడుగును పిల్లలకు, పశువులకు అందనీయరాదు.

మనదేశంలో లారీ డ్రైవర్లకొక చిట్కా ఉన్నది: రేడియేటరులో పసుపు పోయడం. వేడినీటిలో పసుపుపొడిలోని పిండిపదార్థం ఉబ్బి సన్నని చిల్లును పూడుస్తుంది. ఊరు చేరడానికి అది పనికివస్తుంది, సందేహం లేదు. కాని పసుపుకు చిల్లేదో గొట్టమేదో తెలియదు, రెంటినీ పూడుస్తుంది. దీనికి విరుద్ధమైన చిత్రం మరొకటి: తుప్పును కరిగించే మందుతో రేడియేటరును కడిగితే, అంతవరకు కారనిచోట కారడం మొదలవుతుంది. అక్కడ చిల్లును మూసి ఉంచింది ఆ తుప్పే.

కారే చోటును పట్టడానికి ఓర్పు కావాలి. వేడి లోహంమీద పడిన బొట్టు వెంటనే ఆవిరవుతుంది. తెల్లని లేక ఎర్రని మరక మాత్రం మిగులుతుంది. చల్లని యంత్రంలో చేతిపంపుతో మూత పీడనం మేరకు గాలి నింపి, ముల్లు పడిపోతున్నదేమో చూస్తారు. నీటిపంపు కింద చిన్న రంధ్రముంటుంది. అక్కడ తడి కనిపిస్తే పంపులోపలి సీలు అరిగిందని అర్థం. ఆ రంధ్రాన్ని మూసివేస్తే నీరు బేరింగులోనికి పోతుంది. రేడియేటరును విప్పి, నోళ్ళు బిగించి, నీటితొట్టిలో ముంచి గాలి పంపితే బుడగలు చిల్లును చూపుతాయి. ఆ తరువాత మిస్త్రీ పైతొట్టి మాటు కరిగించి తీసి, గొట్టాలలో సన్నని బద్ద దూర్చి సున్నాన్ని తోసివేసి, మళ్ళీ అతుకుతాడు. 1970ల తరువాత వ్యాపించిన అల్యూమినియం రేడియేటర్లకు ప్లాస్టిక్ తొట్లు బిగించి ఉంటాయి. వాటిమీద తగరం మాటు నిలవదు. అవి కారితే చాలాసార్లు మొత్తం మార్చవలసిందే.