నెల్లూరు తీరంలో ఆర్థిక అకౌంటింగ్ చదువు

వ్యాపారంలో జరిగిన లావాదేవీలను తేదీల వారీగా రాసి, ఖాతాలకు ఎత్తి, ఏడాది చివర లాభనష్టాలనూ ఆస్తి అప్పులనూ తేల్చే విద్య ఆర్థిక అకౌంటింగ్. నెల్లూరు ప్రాంతపు కళాశాలల్లో ఇది బీకాం మొదటి ఏడాది పాఠం. ఈ తీరానికి లెక్కలు రాయడం కొత్త కాదు. ఎవరి కోసం రాస్తున్నామన్నదే కాలంతో పాటు మారుతూ వచ్చింది.

ఊరి లెక్క కరణానిది. సాగైన పొలం, కట్టవలసిన శిస్తు, వసూలైనది, బాకీ పడినది ఆయన దస్త్రాల్లో ఉండేవి. సర్కారుకు రావలసినదెంతో ఆ లెక్క చెప్పేది. రైతుకు మిగిలిందెంత అన్నది దాని పని కాదు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది. వర్తకుడి చిట్టా (రోజువారీ పద్దు), ఆవర్జా (ఖాతాల పుస్తకం) మరో రకం. అవి అతని సొంత ఎరుక కోసం రాసుకున్నవి. ఆ పని నేర్చుకోవాలంటే గుమాస్తాగా చేరి దుకాణంలో కూర్చోవడమే దారి.

మూడో రకం లెక్క సముద్రం మీద వచ్చింది. 1626లో ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నం దగ్గర వర్తక స్థావరం పెట్టింది. ఆంగ్లేయులు దాన్ని ఆర్మగాన్ అన్నారు. 1640లో అక్కడి నుంచి చెన్నపట్నానికి తరలిపోయారు. సరుకు ఇక్కడ, పెట్టుబడి పెట్టినవాళ్లు లండన్‌లో. ఎదుట లేని వాటాదారుకు జవాబు చెప్పుకోవడమే నేటి ఆర్థిక అకౌంటింగ్‌కు మూల అవసరం. దానికి వాడే జంటపద్దు విధానాన్ని 1494లో వెనిస్‌లో అచ్చయిన గ్రంథంలో లూకా పాసియోలీ వివరించాడు. ఆయన కనిపెట్టినవాడు కాడు, ఇటలీ వర్తకుల వాడుకను గ్రంథస్థం చేసినవాడు.

మన దేశంలో వాణిజ్య విద్య 1886లో మద్రాసులో పచ్చయ్యప్ప ధర్మసంస్థ పెట్టిన బడితో మొదలైందని చెబుతారు. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాల 1913 నాటిది. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ 1949లో చట్టబద్ధంగా ఏర్పడింది. నెల్లూరులో 1920లో వచ్చిన వెంకటగిరి రాజా కళాశాల, 1950లలో కావలిలో వెలసిన జవహర్ భారతి ఈ ప్రాంతపు ఉన్నత విద్యకు పెద్ద దిక్కయ్యాయి. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక జిల్లా కళాశాలలు దాని గొడుగు కిందికి వెళ్లాయి. 2008లో పుట్టిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం ఇప్పుడు వాటిని చూస్తోంది.

తెలుగు మాధ్యమంలో ఈ పాఠం నిలదొక్కుకోవడానికి 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ పుస్తకాలు ఆధారమయ్యాయి. దుకాణంలోని చిట్టా, ఆవర్జాలే తరగతి గదిలోకి వచ్చాయి. వాటి పక్కన అంకణా (ట్రయల్ బ్యాలెన్స్), ఆస్తి అప్పుల పట్టీ, తరుగుదల చేరాయి. ఇంటర్‌లో వాణిజ్యం ఉన్న సీఈసీ, ఎంఈసీ గ్రూపులు చదివి వచ్చినవారికి ఇవి పరిచితమే. సైన్సు గ్రూపు నుంచి వచ్చినవారికి మొదటి నెలలు కష్టం.

కష్టం కూడికల్లో లేదు, భావనల్లో ఉంది. యజమాని వేరు, వ్యాపారం వేరు. అందుకే అతను తెచ్చిన మూలధనం వ్యాపారం దృష్టిలో బాకీ. బ్యాంకులో వేసిన సొమ్ము మన పుస్తకంలో డెబిట్ అయితే పాస్‌బుక్‌లో క్రెడిట్‌గా కనిపిస్తుంది. అది బ్యాంకు మనకు బాకీ ఉన్న సొమ్ము కనుక. అంకణా రెండు వైపులా సరిపోయినంత మాత్రాన లెక్క ఒప్పని కాదు. ఒక బిల్లును పూర్తిగా రాయడం మరిచినా అది సరిపోతుంది. పరీక్షకు సూత్రాలు బట్టీ పట్టే విద్యార్థి సాధారణంగా ఇక్కడే చిక్కుకుంటాడు.

ఈ భావనలకు ఈ తీరంలో మంచి ఉదాహరణ రొయ్యల చెరువు. 1990లలో తీరమంతా టైగర్ రొయ్య సాగు వ్యాపించింది. ఆ దశాబ్ది నడుమ తెల్లమచ్చ తెగులు చెరువులను ఊడ్చేసింది. 2009లో అనుమతి పొందిన వనామీ రొయ్యతో సాగు మళ్లీ పుంజుకుంది. ఫిబ్రవరిలో పిల్ల వదిలిన చెరువును మార్చి 31న ఎలా లెక్క కట్టాలి? మేత డీలరు దగ్గర అప్పుగా తెచ్చారు, డబ్బు చెల్లించలేదు. అయినా తిన్న మేత ఆ ఏటి ఖర్చే. ఏరేటర్లకు తరుగుదల వేయాలి. లీజు ముందే కట్టి ఉంటే మిగిలిన నెలల సొమ్ము ఇంకా ఆస్తే. సగం పెరిగిన రొయ్య మాత్రం సరుకూ కాదు, యంత్రమూ కాదు. 2015లో ప్రకటించిన భారతీయ అకౌంటింగ్ ప్రమాణం 41 ఇలాంటి ప్రాణమున్న ఆస్తిని, అమ్మకపు ఖర్చులు తీసేసిన సరసమైన విలువకు చూపమంటుంది. ఆ ప్రమాణాల పరిధిలోకి వచ్చే కంపెనీలకే ఇది వర్తిస్తుంది, విడి రైతుకు కాదు. పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా కనిపించేది ఫర్నిచరు కొన్న వర్తకుడే. ఈ తీరంలోని అల్లూరు, విడవలూరు పిల్లలకు ఇది లోటే.

డిగ్రీ చదువులో 2015-16 నుంచి సెమిస్టర్ పద్ధతి వచ్చింది. కంప్యూటర్ అప్లికేషన్స్‌తో కూడిన బీకాం పెరిగింది. బయట ట్యాలీ సాఫ్ట్‌వేర్ నేర్పే శిక్షణ కేంద్రాలు వెలిశాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక చిన్న దుకాణదారుకూ లెక్క రాసే మనిషి అవసరమయ్యాడు. సాఫ్ట్‌వేర్ ఆవర్జాను తానే తయారుచేస్తుంది. పద్దును ఏ ఖాతాలో వేయాలన్నది మాత్రం మనిషే తేల్చాలి. 2021-22 నుంచి రాష్ట్రంలో డిగ్రీ బోధన ఆంగ్ల మాధ్యమానికి మారింది. విద్యార్థులకు తోడుగా రెండు భాషల్లోనూ పాఠ్యపుస్తకాలు అచ్చవుతున్నాయి.