నకిలీ విత్తనాలు - చట్టాలు

నకిలీ విత్తనాలు అనగా ఒక రకం పేరుతో మరొక రకాన్ని గాని, మొలకెత్తే శక్తి లేని గింజలను గాని మంచి విత్తనాలుగా నమ్మించి రైతులకు అమ్మేవి. భారతదేశంలో వీటిని అరికట్టడానికి 1966 నాటి విత్తన చట్టం, 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రధాన ఆధారాలుగా ఉంటూ వచ్చాయి. ఈ రెండూ తప్పు చేసిన వ్యాపారిని శిక్షించడానికి ఉద్దేశించినవే గాని, పంట పోగొట్టుకున్న రైతుకు పరిహారం ఇప్పించేవి కావు. పరిహారం కొరకు రైతు సాధారణంగా వినియోగదారుల న్యాయస్థానాన్ని ఆశ్రయిస్తాడు. అక్కడ ఎదురయ్యే పెద్ద చిక్కు సాక్ష్యానికి సంబంధించినది. విత్తనం మంచిదా కాదా అని తేల్చవలసిన సమయానికి ఆ విత్తనం మట్టిలో కలిసిపోయి ఉంటుంది.

నకిలీ, నాసిరకం

పంట పండని ప్రతి సందర్భంలోనూ "నకిలీ విత్తనం" అనే మాట వినిపిస్తుంది. చట్టం దృష్టిలో మాత్రం ఇందులో వేరువేరు లోపాలు ఉన్నాయి. మొదటిది మొలక శాతం తగ్గడం. వరికి కనీసం 80 శాతం, వేరుశనగకు 70 శాతం, మిరపకు 60 శాతం మొలక ఉండాలని ప్రమాణాలు నిర్ణయించబడ్డాయి. ఈ లోపం విత్తిన కొద్ది రోజులలోనే బయటపడుతుంది. అప్పటికి సంచిలో కొంత విత్తనం మిగిలి ఉండే అవకాశం ఉంది, మళ్ళీ విత్తుకోవడానికి అదను కూడా ఉండవచ్చు.

రెండవది జన్యు స్వచ్ఛత లోపించడం. ఇది మరింత ప్రమాదకరమైనది. మొక్కలు ఏపుగానే పెరుగుతాయి, కాని పూతకో కాతకో వచ్చేవరకు అవి చీటీ మీద రాసిన రకం కాదని తెలియదు. ఈలోగా దుక్కి, ఎరువులు, పురుగుమందులు, కూలీల ఖర్చంతా అయిపోయి ఉంటుంది. మిరప, పత్తి వంటి వాణిజ్య పంటలలో వివాదాలు ఎక్కువగా ఈ కోవకు చెందినవే. ప్రయోగశాలలో మొలక పరీక్షకు కొన్ని రోజులు చాలు. రకం అసలుదా కాదా అన్నది పొలంలో పెంచి చూసే పద్ధతిలో తేల్చాలంటే దాదాపు ఒక పంటకాలం పడుతుంది.

మూడవ సంగతి కూడా చెప్పుకోవాలి. విత్తనం మంచిదే అయినా పదును చాలక, లోతుగా విత్తి, లేక విత్తిన వెంటనే భారీ వర్షం పడి మొలకలు రాకపోవచ్చు. కంపెనీలు న్యాయస్థానాలలో తరచుగా వినిపించే వాదన ఇదే. ఆ వాదన అన్నివేళలా అబద్ధం కాదు.

విత్తన చట్టం, 1966

హరిత విప్లవం తొలి రోజులలో అధిక దిగుబడి వంగడాలు దేశమంతా వ్యాపిస్తున్నప్పుడు పార్లమెంటు ఈ చట్టాన్ని చేసింది. అప్పటికి విత్తన వ్యాపారంలో 1963లో ఏర్పడిన జాతీయ విత్తన సంస్థ వంటి ప్రభుత్వ సంస్థలదే ముఖ్యపాత్ర. చట్టం ఆ కాలానికి తగినట్లే ఉన్నది. కేంద్రప్రభుత్వం నోటిఫై చేసిన రకాలకే అది వర్తిస్తుంది. అటువంటి విత్తనాలు నిర్ణీత మొలక శాతం, స్వచ్ఛత కలిగి ఉండాలి, సంచి మీద ఆ వివరాలు తెలిపే చీటీ ఉండాలి. ధ్రువీకరణ మాత్రం తప్పనిసరి కాదు, అమ్మేవాడు కోరుకుంటేనే జరుగుతుంది. ధ్రువీకృత విత్తనానికి నీలిరంగు చీటీ, దానికి ముందుతరమైన మూల విత్తనానికి తెల్ల చీటీ కడతారు.

1980ల తరువాత ప్రైవేటు కంపెనీల హైబ్రిడ్లు మార్కెట్టును నింపాయి. వాటిలో అనేకం నోటిఫై కానివి. కాబట్టి రైతు ఎక్కువ ధర పెట్టి కొనే విత్తనమే చాలా సందర్భాలలో ఈ చట్టం పరిధికి వెలుపల ఉండిపోయింది.

శిక్షల విషయం మరీ విచిత్రమైనది. చట్టంలోని 19వ సెక్షను ప్రకారం మొదటి నేరానికి జరిమానా 500 రూపాయలకు మించదు. రెండవసారి అయితే ఆరు నెలల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. 1966లో 500 రూపాయలు చెప్పుకోదగిన మొత్తమే. తరువాతి కాలంలో అది ఒక పత్తి విత్తన ప్యాకెట్టు ధరకైనా చాలలేదు.

చట్టం క్రింద విత్తన తనిఖీ అధికారులు నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపుతారు. తెలుగు రాష్ట్రాలలో మండల వ్యవసాయాధికారులు ఈ అధికారాన్ని కలిగి ఉంటారు. 1968 విత్తన నియమావళిలోని 23-ఎ నియమం రైతులకు ముఖ్యమైనది. విత్తనం నాసిరకమైనందువల్ల పంట పోయిందని రైతు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే, తనిఖీ అధికారి చీటీలను, సంచులను, మిగిలిన విత్తనం ఉంటే దాని నమూనాను స్వాధీనం చేసుకొని విచారణ జరపాలి. 24వ సెక్షను రైతుకు ఒక మినహాయింపు ఇస్తుంది: తాను పండించిన విత్తనాన్ని తన ఇంటివద్దనే మరొకరికి నేరుగా విత్తుకోవడానికి అమ్మితే ఈ చట్టం వర్తించదు. తరతరాలుగా ఊళ్ళలో సాగుతున్న విత్తనాల ఇచ్చిపుచ్చుకోవడం ఆ విధంగా చట్టం బారిన పడలేదు.

విత్తన నియంత్రణ ఉత్తర్వు, 1983

నిత్యావసర వస్తువుల చట్టం (1955) క్రింద వెలువడిన ఈ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు లేనిదే ఎవరూ విత్తన వ్యాపారం చేయరాదు. దుకాణంలో నిల్వలు, ధరల పట్టిక కనిపించేటట్లు ఉంచాలి. కొన్న ప్రతివారికి బిల్లు ఇవ్వాలి. ఈ బిల్లు చిన్న కాగితమే అయినా తరువాతి పోరాటమంతా దాని మీదనే నిలుస్తుంది. రకం పేరు, లాట్ నంబరు, కొన్న తేదీ రుజువు చేయడానికి చాలామంది రైతుల వద్ద వేరే ఆధారం ఉండదు. అప్పు మీద విత్తనాలు తెచ్చుకునే రైతుకు, ముఖ్యంగా కౌలుదారుకు, దుకాణదారుని బిల్లు అడగడం అంత తేలిక కాదు. ఆ దుకాణదారుడే ఎరువులకు, పురుగుమందులకు కూడా అప్పు ఇచ్చేవాడు, కొన్నిచోట్ల పంట కొనేవాడు కూడా.

అనుమతి లేని కలుపుమందు తట్టుకునే పత్తి విత్తనాల విషయంలో ఈ ఇబ్బంది ఇంకా తీవ్రమైనది. అవి విడిగానో, పేరులేని ప్యాకెట్లలోనో బిల్లు లేకుండా చేతులు మారతాయి. పంట పోయినప్పుడు ఫిర్యాదు చేయడానికి రైతు వద్ద ఆధారమూ ఉండదు, ధైర్యమూ ఉండదు.

వినియోగదారుల న్యాయస్థానాలు

1986 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చిన తరువాత రైతులు జిల్లా ఫోరములకు వెళ్ళడం మొదలైనది. ఆ చట్టంలోని 13వ సెక్షను ప్రకారం, పరీక్ష చేయనిదే తెలియని లోపం వస్తువులో ఉన్నదని ఆరోపణ వస్తే, దాని నమూనాను ప్రయోగశాలకు పంపాలి. ఈ నియమాన్ని కంపెనీలు గట్టిగా పట్టుకున్నాయి. రైతు నమూనా చూపలేదు గనుక ఫిర్యాదు చెల్లదన్నాయి. గదిలో ఉండే టీవీకో, పంకాకో సరిపోయే నియమమే ఇది. విత్తనం అటువంటిది కాదు, వాడితే మిగలదు.

ఆంధ్రప్రదేశ్ రైతులు మహారాష్ట్ర హైబ్రిడ్ విత్తన కంపెనీపై వేసిన కేసులో సుప్రీంకోర్టు 1998లో ఈ వాదనను త్రోసిపుచ్చింది. కొన్న విత్తనమంతా విత్తిన రైతు నమూనా తేలేడని, కంపెనీయే తన వద్ద ఉన్న విత్తనాన్ని పరీక్షకు పంపి ఉండవచ్చునని అభిప్రాయపడింది.

అయినా రైతులు ప్రతిసారీ గెలవలేదు. హర్యానా విత్తనాభివృద్ధి సంస్థకు సంబంధించిన 2005 నాటి తీర్పులో, పంట ఎదుగుదలలో తేడా ఉన్నంత మాత్రాన దానికి విత్తనమే కారణమనుకోరాదని సుప్రీంకోర్టు పేర్కొన్నది. పొలాన్ని చూసిన అధికారుల నివేదికలో తప్పు విత్తనానిదే అని స్పష్టంగా లేకపోతే రైతు ఓడిపోయే అవకాశం ఉన్నదని ఈ తీర్పు వల్ల తెలిసింది.

ఈ విషయంలో 2012 జనవరి 16 నాటి తీర్పు ప్రధానమైనది. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం తదితర జిల్లాల రైతులకు అక్కడి ఫోరములు పరిహారం మంజూరు చేయగా, జాతీయ విత్తన సంస్థ సుప్రీంకోర్టు వరకు వెళ్ళింది. విత్తనాలకు ప్రత్యేక చట్టం ఉండగా వినియోగదారుల చట్టం వర్తించదని సంస్థ వాదించింది. తమ కొరకు విత్తనం పండించిన రైతులు వ్యాపారులే గాని వినియోగదారులు కారన్నది. ఒప్పందంలో మధ్యవర్తిత్వ షరతు ఉన్నదని కూడా అన్నది.

న్యాయస్థానం ఈ వాదనలన్నిటినీ తిరస్కరించింది. విత్తన చట్టంలో రైతుకు పరిహారం ఇచ్చే ఏర్పాటే లేదు గనుక, వినియోగదారుల చట్టం క్రింద లభించే పరిహారం దానికి అదనమే అవుతుంది గాని విరుద్ధం కాదని తీర్పు చెప్పింది. విత్తనం కొన్న రైతు పరీక్ష కొరకు అందులో కొంత దాచిపెడతాడని ఆశించరాదన్నది. సంస్థ కొరకు విత్తనం పండించిన రైతులను కూడా వినియోగదారులుగా గుర్తించింది. గద్వాల, నంద్యాల ప్రాంతాలలో విత్తనోత్పత్తి చేసే రైతులు పెద్ద సంఖ్యలో ఉన్నందున ఈ చివరి అంశానికి తెలుగు రాష్ట్రాలలో ప్రత్యేక ప్రాముఖ్యం కలదు. అక్కడ కంపెనీకి, రైతుకు మధ్య ఆర్గనైజర్లు ఉంటారు. వ్రాతపూర్వక ఒప్పందం రైతు చేతికి అందడం అరుదు.

1986 చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చింది. ఫోరములు కమిషన్లయ్యాయి. రైతు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు అయితే రుసుము లేదు. గడువు రెండు సంవత్సరాలు.

బీటీ పత్తి వివాదం

2002లో బీటీ పత్తికి అనుమతి లభించింది. మొదటి పంటకాలాలలోనే వరంగల్లు జిల్లాలో కొన్ని రకాలు ఆశించిన దిగుబడి ఇవ్వలేదని ఫిర్యాదులు రాగా, రైతులకు పరిహారం చెల్లించాలని రాష్ట్రప్రభుత్వం కంపెనీని కోరింది. 2005లో మెక్-12, మెక్-162, మెక్-184 అనే మూడు రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించడానికి కేంద్ర జన్యు సాంకేతిక ఆమోద కమిటీ నిరాకరించింది. పరిహారాన్ని రాబట్టడానికి తగిన చట్టం లేకపోవడం ఆ సందర్భంలో స్పష్టంగా కనిపించింది. 2006లో విత్తన ధర విషయమై రాష్ట్రం గుత్తాధిపత్య నియంత్రణ కమిషనుకు వెళ్ళగా, 450 గ్రాముల ప్యాకెట్టు ధర 1,850 రూపాయల నుండి 750 రూపాయలకు దిగివచ్చింది. మరుసటి సంవత్సరం రాష్ట్ర శాసనసభ పత్తి విత్తనాల సరఫరా, ధరల నియంత్రణకు ప్రత్యేక చట్టం చేసింది.

నిర్బంధ చట్టం

తెలంగాణలో నకిలీ మిరప విత్తనాలు అమ్మిన ఆరోపణపై ఒక వ్యాపారిని "గూండా"గా పరిగణించి ముందస్తు నిర్బంధంలో ఉంచగా, సుప్రీంకోర్టు 2017లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. సాధారణ చట్టాలు సరిపోతాయన్నది. అదే సంవత్సరం రాష్ట్రప్రభుత్వం నిర్బంధ చట్టాన్ని సవరించి విత్తన నేరస్థులను అందులో చేర్చింది. విచారణ లేకుండా జైలులో ఉంచడం వ్యాపారులకు భయం కలిగించవచ్చు గాని, పంట నష్టపోయిన రైతుకు దానివల్ల ఒక్క రూపాయి కూడా రాదు.

2001 చట్టం

మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం (2001) బ్రాండు పేరు పెట్టకుండా విత్తనాన్ని దాచుకొనే, మార్చుకొనే, అమ్ముకొనే హక్కును రైతుకు ఇచ్చింది. నమోదైన రకం పెంపకందారు చెప్పినట్లు పండకపోతే ఆ చట్టం క్రింద ఏర్పడిన అధికార సంస్థ ఎదుట పరిహారం కోరవచ్చును. నమోదు కాని రకాలకు ఇది వర్తించదు.

కొత్త చట్టానికి ప్రయత్నాలు

2004 డిసెంబరులో రాజ్యసభలో ప్రవేశపెట్టిన విత్తన బిల్లు అన్ని రకాల నమోదును తప్పనిసరి చేయాలని ప్రతిపాదించింది. పరిహారం కొరకు మాత్రం రైతును వినియోగదారుల న్యాయస్థానానికే పంపింది. అది చట్టం కాలేదు. 2019లో మరొక ముసాయిదా వచ్చి అక్కడే ఆగింది. 2025 నవంబరులో కేంద్ర వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఇంకొక ముసాయిదాను ప్రజల అభిప్రాయాల కొరకు విడుదల చేసింది.