పంచదారకూ, పెట్రోలుకూ ఒకే చెరకు.. కొత్త రకాలతో మనకేంటి సంబంధం?

బంకులో మీ బైక్‌కు 5 లీటర్ల పెట్రోలు కొట్టించారనుకోండి. అది ఈ20 అయితే అందులో ఒక లీటరు ఇథనాలే. ఆ లీటరంతా చెరకు రసం నుంచే తీయాలంటే సుమారు 14 కిలోల చెరకు కావాలి. అదే చెరకును మిల్లుకు పంపితే దాదాపు 1.4 కిలోల పంచదార వస్తుంది. ప్రస్తుతం దేశంలో సగానికి పైగా ఇథనాల్ మొక్కజొన్న, బియ్యం లాంటి ధాన్యాల నుంచే వస్తోంది. మిగతాది మాత్రం చెరకుదే. అందుకే ఎకరానికి ఎక్కువ చెరకు, టన్నుకు ఎక్కువ చక్కెర ఇచ్చే రకాలు ఇప్పుడు కీలకమయ్యాయి.

ఒకే గడ నుంచి రెండూ ఎలా?

చెరకు రసంలోని సుక్రోజ్ మాత్రమే గడ్డకట్టి పంచదార పలుకులవుతుంది. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అలా గడ్డకట్టవు. అవి మొలాసిస్‌లోకి వెళ్లిపోతాయి. ఇథనాల్ తయారీలో ఆ తేడా లేదు. పులియబెడితే ఈస్ట్ మూడింటినీ ఆల్కహాల్‌గా మారుస్తుంది. పంచదార పూర్తిగా తీశాక మిగిలేది సి-హెవీ మొలాసిస్. కొంత పంచదారను వదిలేసి ముందే ఆపితే బి-హెవీ. దీంతో ఇథనాల్ ఎక్కువ వస్తుంది, పంచదార తగ్గుతుంది. నేరుగా రసాన్నే వాడితే పంచదార అసలే రాదు.

మంచి రకం అంటే?

రైతుకు టన్నులు కావాలి, మిల్లుకు రికవరీ కావాలి. 2025-26 సీజన్‌కు కేంద్రం 10.25 శాతం రికవరీపై క్వింటాకు రూ.355 మద్దతు ధర నిర్ణయించింది. ఆపై ప్రతి 0.1 శాతానికి రూ.3.46 అదనం. ఇవి కాక తెగుళ్లను తట్టుకోవాలి, నరికాక కార్శి తోట కూడా బాగా రావాలి. ఇవన్నీ ఒకే రకంలో కుదరడానికి పదేళ్లకు పైగా పరిశోధన, పరీక్షలు పడతాయి.

కో 0238 కథ

కోయంబత్తూరులోని చెరకు ప్రజనన సంస్థ 1912 నుంచి ఈ పనిలోనే ఉంది. దాని కర్నాల్ కేంద్రంలో డాక్టర్ బక్షీరామ్ రూపొందించిన కో 0238 రకం 2009లో విడుదలైంది. కొన్నేళ్లలోనే ఉత్తరప్రదేశ్ చెరకు విస్తీర్ణంలో 80 శాతానికి పైగా ఆక్రమించింది. అక్కడ 9 శాతం దగ్గరున్న సగటు రికవరీ 11 శాతం దాటింది. రైతులూ, మిల్లులూ బాగుపడ్డారు.

తర్వాత ఎర్రకుళ్లు తెగులు వచ్చింది. తెగులు సోకిన గడను చీల్చి చూస్తే లోపల ఎర్రగా, మధ్యమధ్యలో తెల్లటి మచ్చలతో ఉంటుంది. పుల్లటి సారా వాసన వస్తుంది. ఎటు చూసినా అదే రకం కావడంతో తెగులు వేగంగా పాకింది. ఇప్పుడు కో 0118, కో 15023 లాంటి రకాలకు మారుతున్నారు. అయితే ఎకరం విత్తన చెరకుతో నాటగలిగేది సుమారు పదెకరాలే. కాబట్టి ఆ మార్పు రాత్రికి రాత్రి జరగదు.

మన దగ్గర..

అనకాపల్లి పరిశోధన కేంద్రం 1913 నాటిది. 87ఎ298 (విశ్వామిత్ర), 93ఎ145 (శారద) అక్కడివే. 2003వి46 (భరణి) ఉయ్యూరు కేంద్రం నుంచి వచ్చింది.

మీపై ప్రభావం ఏంటి?

పంట తగ్గితే ముందు ఇథనాల్‌కే కోత పడుతుంది. 2023లో మహారాష్ట్ర, కర్ణాటకల్లో వానలు సరిగా పడలేదు. పంచదార ధర పెరుగుతుందన్న ఆందోళనతో ఆ డిసెంబరులో కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తయారీని ఆపించింది. వారం తర్వాత పరిమితంగా అనుమతిచ్చింది. ఆంక్షలను 2024-25కు ఎత్తేసింది. అంటే పొలంలో ఒక రకం దెబ్బతింటే దాని ప్రభావం కిరాణా బిల్లు దాకా వస్తుంది. చెరకుకు నీళ్లూ ఎక్కువే కావాలి. అందుకే సాగు విస్తీర్ణం పెంచడం కన్నా ఉన్న ఎకరంలోనే దిగుబడి పెంచడం మేలు.

ఊళ్లో మీవాళ్లు చెరకు వేస్తుంటే ఈ రెండు మాటలు చెప్పండి. విత్తన ముచ్చెలు పరిశోధన కేంద్రం నుంచో, తెగులు లేని తోట నుంచో తీసుకోవాలి. ఎంత బాగా పండినా పొలమంతా ఒకే రకం వేయకూడదు.