మెతుక్కి దారి వేసిన తీగ

నిన్న మధ్యాహ్నం తిన్న అన్నం ఇవాళ పొద్దున మెతుకు మెతుకుగా వాంతిలో వచ్చిందంటే డాక్టర్లకు ముందు అనుమానం వచ్చేది జీర్ణాశయం చివరి ద్వారం మీదే. ఒకప్పుడు ఆ ద్వారం ఎక్కువగా అల్సర్ల వల్ల పూడుకుపోయేది. మంచి మందులొచ్చాక ఆ బెడద తగ్గి, జీర్ణాశయం, క్లోమం క్యాన్సర్లది పైచేయి అయింది.

దీనికి మొదటి దారి కత్తితోనే పడింది. 1881 సెప్టెంబరులో వియన్నాలో, పేరుమోసిన సర్జన్ బిల్‌రోత్ దగ్గర పనిచేసే ఆంటన్ వోల్ఫ్లర్ ఒక రోగి పొట్ట తెరిచాడు. గడ్డ తీయడానికి వీల్లేకుండా ఉంది. తోటి సర్జన్ నికొలాడోని సలహా మీద చిన్నపేగును తెచ్చి జీర్ణాశయానికే కలిపి కుట్టేశాడు. అడ్డు అలాగే ఉంది, అన్నం పక్కదారిన పోయింది. నూరేళ్లపాటు ఇదే ఆధారం. చిక్కల్లా, ఈ ఆపరేషన్ కావలసినవాళ్లు అప్పటికే తిండి లేక శల్యమైపోయినవాళ్లు.

కోత లేని దారికి పనికొచ్చిన లోహం మాత్రం ఆస్పత్రిలో పుట్టింది కాదు. అమెరికా నౌకాదళపు ప్రయోగశాలలో విలియం బ్యూలర్ క్షిపణుల కోసం లోహాలు పరీక్షిస్తూ నికెల్, టైటానియం మిశ్రమం ఒకటి పట్టాడు. 1960ల తొలినాళ్లలో ఒక సమావేశంలో, మడతలు మడతలుగా వంచిన దాని రేకును అందరూ చేతులు మార్చుకుని చూస్తున్నారు. ఒకాయన పొగాకు పైపు వెలిగించుకునే లైటర్ తీసి మంట చూపించాడు. మడతలన్నీ విప్పుకుని రేకు చాపుకుపోయింది! అదే నిటినాల్. 1983లో అమెరికా రేడియాలజిస్టు చార్లెస్ డాటర్ బృందం ఆ లోహపు తీగ చుట్టలను కుక్కల రక్తనాళాల్లో పెట్టి చూసింది.

రక్తనాళాల తర్వాత అన్నవాహిక, ఆ తర్వాత జీర్ణాశయం. 1993లో కొరియా రేడియాలజిస్టు హో-యంగ్ సాంగ్ బృందం, జీర్ణాశయం చివర క్యాన్సర్ మూసేసిన దారిని పొర తొడిగిన లోహపు స్టెంట్లతో, అంటే దారిని తెరిచి ఉంచే వల గొట్టాలతో, తెరిచామని ‘రేడియాలజీ’ పత్రికలో రాసింది. చదివినంత తేలిక కాదది. ఉబ్బి వదులైన జీర్ణాశయంలో నోటి గుండా పంపిన తీగ ముందుకు పోకుండా చుట్టలు చుట్టుకుంటుంది. దాటితే ఎదురయ్యేది కొడవలిలా వంగిన ఆంత్రమూలం, అంటే చిన్నపేగు మొదటి భాగం. ఎక్స్‌రే తెర మీద కాంట్రాస్టు మందు ఎక్కడ సన్నబడిందో చూసుకుంటూ తీగను అడ్డు దాటించాలి. ఆ తీగ మీదుగా ముడుచుకున్న స్టెంట్‌ను జరిపి, పైనున్న తొడుగు వెనక్కి లాగుతారు. రెండు కొసలూ విచ్చుకుంటాయి, నడుము మాత్రం నొక్కుకునే ఉంటుంది. అది పూర్తిగా తెరుచుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది.

పొర లేని వలలోకి గడ్డ పెరిగి చొచ్చుకొస్తుంది. పొర తొడిగితే స్టెంట్ జారిపోతుంది. ఈ తగువు ఇంకా నడుస్తూనే ఉంది. 2010లో వెలువడిన నెదర్లాండ్స్ పరిశోధనలో స్టెంట్ వేయించుకున్నవాళ్లు త్వరగా తినగలిగారు, ఆపరేషన్ ఫలితం మాత్రం ఎక్కువకాలం నిలిచింది. రెండు నెలలు, ఆపైన బతికే అవకాశమున్నవాళ్లకు ఆపరేషనే మేలని ఆ పరిశోధకులు తేల్చారు. అంటే వోల్ఫ్లర్ పద్ధతికి కాలం చెల్లలేదన్నమాట. ఇప్పుడు అల్ట్రాసౌండ్ ఎండోస్కోపీతో జీర్ణాశయాన్నీ పేగునూ స్టెంట్‌తోనే కలిపి, అదే పక్కదారిని కోత లేకుండా వేస్తున్నారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ స్టెంట్ వేస్తే, డాక్టరు సరేనన్నాక ముందు ద్రవాలు, తర్వాత మెత్తటి అన్నం పెట్టండి. ములక్కాడలు, పీచు కూరలు పెట్టకండి. అవి వలలో చిక్కుకుంటే దారి మళ్లీ మూసుకుపోతుంది.